ఈ యుద్ధం చట్టబద్ధమేనా సార్?

నేను లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెబుతాను. ఒక దేశం ఇంకో దేశం మీదికి సైన్యాన్ని పంపడం ఎప్పుడు చట్టబద్ధం, ఎప్పుడు కాదు అన్నది అందులో నాకు బాగా ఇష్టమైన పాఠం. విశాఖపట్నంలో ఇలాంటి పాఠం చెప్పుకుని బతికేవాడి పరువు ఏపాటిదో తెలియాలంటే మా పెళ్ళిచూపుల సంగతి ఒక్కటి చాలు. మా మామగారు నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "అంటే బాబూ, పాస్‌పోర్టులూ అవీ సేయిత్తారన్నమాట" అన్నారు. కాదని చెప్పబోతుంటే మా నాన్న నా కాలు తొక్కాడు. ఆ రోజు నుంచి అత్తవారి వైపు ఎవరికి పాస్‌పోర్టు కావలసినా నా దగ్గరికే వస్తున్నారు. నేనూ చేయిస్తున్నాను.

కాలేజీలోనూ అంతే. క్రిమినల్ లా క్లాసుకు పిల్లలు కిటికీల్లో కూడా కూర్చుంటారు. నా క్లాసులో ముందు బెంచీలు ఎప్పుడూ కొత్తవాటిలా ఉంటాయి. "సార్, ఈ పేపరు మీద కేసులొత్తాయా?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. రావు. ఒక దేశం మీద ఇంకో దేశం దండెత్తిందని మన జిల్లా కోర్టులో పిటిషన్ వేసినవాడు ఇంతవరకూ లేడు.

అయినా ఆ పాఠం చెప్పే రోజున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళతాను. రెండు పెద్ద యుద్ధాలు చూసి విసిగిపోయిన దేశాలు ఒకచోట కూర్చుని, ఇకమీదట ఎవరూ ఎవరి మీదా బలప్రయోగం చెయ్యకూడదని ఐక్యరాజ్య సమితి చార్టరులో ఒక వాక్యం రాసుకున్నాయి. దానికి రెండే మినహాయింపులు. నీ మీద దాడి జరిగితే నిన్ను నువ్వు కాపాడుకోవచ్చు. లేదా భద్రతా మండలి అనుమతిస్తే వెళ్ళొచ్చు. అంతే. ఇంత పెద్ద ప్రపంచానికి ఇంత చిన్న వాక్యం. దాన్ని బోర్డు మీద రాసేటప్పుడు ఇప్పటికీ నా దస్తూరి దానంతటదే గుండ్రంగా వస్తుంది.

ఆ మధ్య ఒక పెద్ద దేశం ఒక చిన్న దేశం మీద విమానాలతో విరుచుకుపడింది. ఏ దేశాలో చెప్పను. చెప్పినా మీరిది చదివే వేళకు పేర్లు మారిపోయి ఉండొచ్చు. చిన్న దేశం తమ మీద దాడికి సిద్ధమవుతోందని, అందుకే ముందుగా కొట్టామని పెద్ద దేశం అంది. అలాంటి ఆలోచనే తమకు లేదని చిన్న దేశం అంది. ఉన్నా ఉందని చెప్పరనుకోండి.

ఆ శనివారం మధ్యాహ్నం నేను ఇంట్లో లుంగీ కట్టుకుని కొబ్బరి కోరుతుంటే మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు ఒక లోకల్ టీవీ ఛానల్లో ప్రకటనల విభాగంలో పనిచేస్తాడు.

"బావా, ఏటి సేత్తన్నావ్?"

"కొబ్బరి కోరుతున్నాను."

"అదొగ్గేసి బేగి వొచ్చెయ్. సాయంత్రం లైవులో యుద్ధం మీద సర్చ. రావలసినాయన ఇంకో ఛానలుకి ఎలిపోనాడు."

"నాకు యుద్ధం గురించి ఏం తెలుసురా?"

"రోజూ పాఠం సెప్పేది అదే కదేటి?"

"యుద్ధం గురించి కాదు. యుద్ధం చట్టబద్ధమా కాదా అనేదాని గురించి."

"అదే, అదే. గీతల సొక్కా యేసుకోకు బావా, కెమెరాకి పడదు."

ఫోన్ పెట్టేశాక నేను కొబ్బరిచిప్ప పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళకు నా పాఠం కావాలని ఒకరు అడిగారు. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, మనుషుల్ని ఎంతవరకు నమ్మాలో ఆమెకు బాగా తెలుసు. "వాడు పిలిచాడంటే ఇంకెవరూ దొరకలేదని అర్థం. అయినా వెళ్ళండి, నీలం చొక్కా వేసుకోండి" అంది. ఇస్త్రీ కూడా తనే చేసింది.

మధురవాడ నుంచి బండి మీద మద్దిలపాలెం చేరేసరికి నీలం చొక్కా వీపు దగ్గర చెమటకు ముదురు నీలం అయింది. స్టూడియో ఒక టైర్ల కొట్టు మీద ఉంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, తలుపు తెరిస్తే ఏసీ చలి. మేకప్ చేసే అతను నన్ను కుర్చీలో కూలబెట్టి మొహం అటూ ఇటూ తిప్పి, "జిడ్డు మొగం. డబుల్ కోటింగ్ పడుద్ది" అని గది మొత్తానికి ప్రకటించాడు.

పక్క కుర్చీలో ఇంకో అతిథి ఉన్నారు. నేవీలో చాలా కాలం పనిచేసి రిటైరైన పెద్దాయన. తెల్లటి మీసం, మెత్తటి గొంతు. నన్ను చూడగానే, "మాష్టారూ, మీరింకా కింద కూకోగలరా?" అని అడిగారు. కూర్చోగలనన్నాను. "అదృష్టవంతులు. నాకు మోకాళ్ళు సహకరించట్లేదు" అన్నారు. భీమిలి వైపు తనకున్న మామిడి మొక్కల గురించి, వాటికి పట్టిన తెగులు గురించి చెప్పుకొచ్చారు. ఇంత నెమ్మదస్తుడితో చర్చ హాయిగా సాగుతుందని నేను సంబరపడ్డాను.

ఎర్రలైటు వెలిగింది. ఆయన మీసం నిక్కబొడుచుకుంది.

యాంకర్ కుర్రాడు నా హోదా అడగలేదు, నేరుగా ప్రొఫెసర్ని చేసేశాడు. నాకెదురుగా ఉన్న తెర మీద నా మొహం కింద ఎర్ర పట్టీలో "యుద్ధ వ్యూహ నిపుణుడు" అని పడింది. నా తల వెనక మంటలు లేస్తున్నాయి. వ్యూహం గురించి నాకేమీ తెలియదని ముందుగా చెబుదామని నోరు తెరిచాను.

"ప్రొఫెసర్ గారూ, సూటిగా అడుగుతున్నాను. ఈ దాడి చట్టబద్ధమేనా? అవునా, కాదా?"

"దానికి ముందు మనం ఒక విషయం..."

"అవునా, కాదా?"

"రెండు సందర్భాల్లో అవును. అయితే..."

"అవును అంటున్నారు ప్రొఫెసర్ గారు!" పట్టీ మారింది. "దాడి సరైనదే: నిపుణుడు."

"నేనలా అనలేదు. ఆ రెండు సందర్భాలూ ఇక్కడ లేవు."

"కాదు అంటున్నారు ప్రొఫెసర్ గారు!" పట్టీ మళ్ళీ మారింది. "దాడి తప్పు: నిపుణుడి సంచలన వ్యాఖ్య."

నేవీ పెద్దాయన బల్ల మీద దభాలున గుద్దారు. నా ముందున్న మంచినీళ్ళ గ్లాసు ఎగిరింది. "ఇదండీ మన మేధావుల వరస! శత్రువు తలుపు కొట్టేదాకా పుస్తకం సదువుకుంటూ కూకోమంటారా?"

"తలుపు కొడితే తిప్పికొట్టొచ్చు. సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు ఉంది" అన్నాను. "కొడతాడేమోనన్న అనుమానం చాలదు. ప్రమాదం నిజంగా ముంచుకొచ్చి, వేరే దారి లేకపోతే ముందుగా కొట్టొచ్చనే వాదన ఒకటుంది. దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు."

ఏకాభిప్రాయం లేదనగానే యాంకర్ మొహం అన్నంలో రాయి తగిలినట్టు అయింది. "సరే, భద్రతా మండలి ఏం చేస్తోంది?"

"అక్కడ అయిదు పెద్ద దేశాలున్నాయి. వాటిలో ఏ ఒక్కటి వద్దన్నా మండలి ఏమీ చెయ్యలేదు. ఆ అయిదింట్లో దాడి చేసిన దేశానికి ఒక స్నేహితుడు ఉన్నాడు."

"అంటే ఈ దాడి చట్టవిరుద్ధమని తేలినా, ఎవరు అరెస్టు చేస్తారు?"

"దేశాన్ని అరెస్టు చెయ్యడం అంటూ ఉండదండీ."

"ఎవరూ చెయ్యరా?"

"ఎవరూ చెయ్యరు."

రెండోసారి బల్ల గుద్దడానికి లేచిన పెద్దాయన చెయ్యి గాలిలోనే ఆగింది. యాంకర్ చెవిలోని మాటను కాసేపు విని, "చిన్న విరామం" అన్నాడు. తెర మీద ఇన్వర్టర్ బ్యాటరీల ప్రకటన మొదలైంది.

పెద్దాయన నా వైపు వంగి, మళ్ళీ ఆ మెత్తటి గొంతుతో, "మీరు సెప్పిందంతా కరెక్టే మాష్టారూ. సర్వీసులో మాకూ అదే నేర్పినారు" అన్నారు.

"మరి బల్ల ఎందుకు గుద్దారండీ?"

"గుద్దకపోతే మళ్ళీ పిలవరు. తాతని టీవీలో సూడ్డం మా మనవరాలికి సరదా. గ్లాసు కొంచెం ఇవతలకి జరుపుకోండి, ఇంకోసారి గుద్దాలి."

నేను జరుపుకున్నాను. లైటు వెలగగానే ఆయన గుద్దారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ తలుపు దగ్గరే ఉంది. "బాగా మాట్లాడారు. కానీ వెనకాల ఊరు తగలబడుతుంటే మీరు అంతసేపు నవ్వుతూనే ఉన్నారు" అంది. అది నా మామూలు మొహం. మేకప్‌లో అలా కనపడింది కాబోలు. అంతలో ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది.

"సూసినాన్రా నాయనా. సిక్కిపోనావు. ఆ ముసిలాయన నిన్నలా అరుత్తుంటే ఊరుకున్నావేటి?"

"ఆయన మంచివాడేనమ్మా."

"మంచోడైతే గుద్దుతాడేటి? సరేగానీ, గేసు బుక్ సేసీమంటావా? మనూర్లో అందరూ సేసేత్తన్నారు."

"నేను గ్యాసు గురించి ఏమీ చెప్పలేదమ్మా."

"నువ్వు సెప్పలేదు గానీ, నీ మొగం సూసి మాకు అర్థమైపోయింది."

మర్నాడు పొద్దున్నే నా మాటల్లో ఒక ముక్క మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుకు వచ్చేసింది. అందులో నేను "ఎవరూ చెయ్యరు" అంటాను. వెంటనే బాంబు పేలుతుంది. ముందూ వెనకా ఏమీ లేదు. కింద ఎవరో "మన సారే చెప్పారు, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరట" అని రాశారు. సాయంత్రానికల్లా సెక్రటరీ జనరేటరుకు డీజిలు డబ్బాలు తెప్పించాడు. వాచ్‌మన్ నా బండికి అడ్డం వచ్చి, "సార్, ఎప్పుడాగుద్దంటారు?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆ మాట అతను "సారుకే తెలీదంట" అని పై అంతస్తులకు మోశాడు. జనం ఇంకాస్త కంగారుపడి బియ్యం బస్తాలు కూడా దింపుకున్నారు.

కాలేజీలో మాత్రం ఆ వారం నా క్లాసు నిండింది. నేను లోపలికి రాగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "ప్రొఫెసర్ గారూ, అవునా, కాదా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఒకమ్మాయి లేచి, "సార్, తప్పు చేసినా ఎవరూ పట్టుకోనప్పుడు అది చట్టమెలా అవుద్ది?" అని అడిగింది.

ఈ ప్రశ్న కోసమే నేను ఇన్నాళ్ళూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వస్తున్నాను. ఎంత ఉత్సాహంగా చెప్పానో నాకే తెలియదు. చాలా దేశాలు చాలా రోజులు చట్టాన్ని పాటిస్తూనే ఉంటాయి, అందుకే పక్కదేశం మీదుగా విమానాలు ఎగురుతున్నాయి, మన రేవుకు ఎవరెవరివో ఓడలు వస్తున్నాయి. పాటించిన రోజున టీవీ వాళ్ళు మనల్ని పిలవరు. తప్పు చేసినవాడు కూడా చట్టం లేదనడు, చట్టప్రకారమే చేశానని బొంకుతాడు. ఆ బొంకు కోసమైనా చట్టాన్ని ఒప్పుకుంటున్నాడన్నమాట. అలా చెప్పుకుంటూ పోయి తల తిప్పి చూస్తే క్లాసు సగం ఖాళీ. బస్సు వేళైపోయింది. ప్రశ్న అడిగిన అమ్మాయి కూడా బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "సార్, మిగతాది రేపు" అని పరిగెత్తింది.

ఆ సాయంత్రమే మా కింది అంతస్తులో ఉండే ఆవిడ మా ఇంటికొచ్చింది. మెట్ల మీద కనిపిస్తే నవ్వుకోవడం తప్ప అంతవరకు మాకు పెద్ద పరిచయం లేదు. క్రిస్మస్‌కు కేకు ఇచ్చి వెళుతుంది, అంతే. భర్త సరుకు ఓడల మీద పనిచేస్తాడని, ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీదే ఉంటాడని తెలుసు. సోఫా అంచున కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అన్నయ్యా, మీరు టీవీలో సెప్పింది మొత్తం సూసినాను. ముక్క కాదు, మొత్తం" అంది.

అలా అన్న మొదటి మనిషి ఆవిడే. మా ఆవిడ టీ పెట్టడానికి లేచింది.

"మా ఆయన ఓడ అటే ఎల్తంది. ఆ యుద్ధం జరిగే సముద్రం పక్క నుంచే దారి. మామూలు సరుకు ఓడ మీద బాంబెయ్యొచ్చని రూలుందా?"

"లేదమ్మా. వెయ్యకూడదనే ఉంది. యుద్ధంలో లేని దేశపు ఓడను, దాని మానాన అది సరుకు మోసుకుపోతుంటే కొట్టకూడదు."

"గట్టి రూలేనా?"

"గట్టిదే."

ఆవిడ కొంగు విప్పి మళ్ళీ వేలికి చుట్టుకుంది. "ఆ రూలు ఆ బాంబులేసేవోళ్ళకి తెలుసా?"

"తెలుసు. వాళ్ళ సైన్యంలో దీనికోసమే లాయర్లు ఉంటారు."

"మీలాటోళ్ళు?"

"నాలాంటివాళ్ళే."

అది విన్నాక ఆవిడ మొహంలో ధైర్యం పెరగాల్సింది. కొంచెం తగ్గింది. టీ తాగుతూ, "పాస్టరు గారు ప్రార్థన సెయ్యమన్నారు. సేత్తన్నాను. రూలు కూడా ఉంటే మంచిది కదా అని ఒచ్చినాను" అంది. తర్వాత ఫోన్ తీసి భర్తకు వీడియో కాల్ కలిపి, నేను వద్దనేలోపు నా చేతిలో పెట్టింది.

తెర మీద నారింజరంగు బాయిలర్ సూట్ వేసుకున్న మనిషి, వెనక ఇనుప గోడ. అంతవరకు మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు. అతను మాత్రం, "బావా! మా ఆవిడకి అన్నయ్యవంటే నాకు బావే కదేటి!" అన్నాడు. "ఇక్కడ అంతా బాగుంది. టీవీ కట్టెయ్యమని దానికి సెప్పు. మీరు బయపెట్టేత్తన్నారు అందర్నీ."

ఆవిడ వంటింట్లోకి, మా ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అతను గొంతు తగ్గించాడు. "బావా, ఒక మాట. అటు రానని సెప్పొచ్చా నాను? సెప్తే ఉద్యోగం తీసేత్తారా? కెప్టెన్ని అడగాలంటే మొగమాటంగా ఉంది."

నాకు తెలియదు. చార్టరు అధికరణాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ఓడ ఉద్యోగుల ఒప్పందం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. రేపు చెబుతానన్నాను. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు ఓడల కేసులు చూస్తోందని గుర్తొచ్చి ఆమెకు ఫోన్ చేశాను.

"సార్! మీ క్లాసులో నాకెంత మంచి నిద్ర పట్టేదో" అంది. అంటూనే "సారీ సార్" అంది. తర్వాత చకచకా చెప్పింది. యుద్ధ ప్రమాదం ఉన్న సముద్రమని ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కు చాలా ఒప్పందాల్లో ఉంటుందట. చెప్పినవాణ్ణి కంపెనీ ముందు రేవులోనే దింపి, తన ఖర్చు మీద ఇంటికి పంపాలట. అందుకు శిక్షించకూడదట. కింది అంతస్తు ఆవిడ భర్త ఒప్పందం కాపీ తెప్పించి పంపితే, ఆ షరతు ఉందో లేదో చూసి మరీ చెప్పింది. ఉంది.

ఈ మాట అతనికి చేరవేశాను. "బతికించినావు బావా" అన్నాడు. కెప్టెన్ అందర్నీ మెస్సులో కూర్చోబెట్టి ఎవరి ఇష్టం వాళ్ళదేనన్నాడట. కొందరు దిగిపోయారు. ఇతను దిగలేదు.

ఎందుకు దిగలేదో భార్య అడిగింది. జవాబు విని మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది. "ఓడలో వంట సేసే కుక్కు దిగిపోతే తానూ దిగిపోదామనుకున్నాడంట అన్నయ్యా. కుక్కు దిగలేదంట. అందుకని ఈయనా దిగలేదంట! పెళ్ళాం ఏడుత్తంటే ఇనలేదు గానీ, కుక్కుని సూసి ఉండిపోనాడు!"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. కాసేపటికి ఆవిడా నవ్వేసింది, కళ్ళు తుడుచుకుంటూనే.

అప్పట్నుంచి రోజూ వార్తల వేళకు పైకి వచ్చేది. ఇద్దరూ బఠాణీలు వలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో టీవీ ముందు కూర్చునేవాళ్ళు. మధ్యలో నన్ను పిలిచి సందేహాలు అడిగేవాళ్ళు. ఆత్మరక్షణకు ఎంత మోతాదులో కొట్టొచ్చు? చిన్న దేశం ప్రభుత్వమే వేరే దేశాన్ని సాయానికి పిలిస్తే అది దురాక్రమణ అవుతుందా? పిలిచినవాడికి పిలిచే అధికారం ఉందో లేదో ఎవరు తేలుస్తారు? నా క్లాసులో ఇన్నేళ్ళలో ఇన్ని ప్రశ్నలు పుట్టలేదు. ఒకరోజు నేను లోపల పేపర్లు దిద్దుకుంటుంటే హాల్లోంచి కేక వినపడింది. టీవీలో నేవీ పెద్దాయన బల్ల గుద్దుతున్నారు. కింది అంతస్తు ఆవిడ బఠాణీల పళ్ళెం పక్కకు నెట్టి లేచి నిలబడి ఉంది.

"అబద్దం! ముందు సాయుధ దాడి జరగాలి కదా! యాబై ఒకటో ఆర్టికలు సదువుకోనేదేటి ఈయన!"

"చదువుకున్నాడు. మనవరాలి కోసం అలా అంటాడు" అంది మా ఆవిడ, బఠాణీలు వలుస్తూ.

నేను బావమరిదికి ఫోన్ చేసి, ఓడల మీద పనిచేసేవాళ్ళ హక్కుల గురించి ఒక్క పది నిమిషాలు మాట్లాడనివ్వమని అడిగాను. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఆ భయం ఉందో చెప్పాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. "మంచిదే బావా. కానీ ఇప్పుడా టైములో జోతిష్యుడు గారు ఒత్తన్నారు. యుద్ధం ఏ రాశోళ్ళకి కలిసొత్తాదో సెప్తన్నారు. కాల్స్ ఆగట్లేదు" అన్నాడు. చివరికి ఆ సంగతి ఆవిడ వెళ్ళే చర్చిలో, ఆదివారం ప్రార్థన అయ్యాక చెప్పాను. ఓడల మీదికి మనుషుల్ని పంపిన కుటుంబాలు చాలానే ఉన్నాయి అక్కడ. నేను "అయితే" అన్నా ఎవరూ అడ్డుపడలేదు. తర్వాత పులిహోర పెట్టారు.

ఓడ ఆ యుద్ధం పక్కనున్న సన్నటి సముద్రపు దారిలోకి దిగే రోజు వచ్చింది. ఆవిడ ఫోన్‌లో ఓడ ఎక్కడుందో చూపించే బొమ్మ ఒకటుంది, నీలం నీళ్ళల్లో చిన్న బాణంగుర్తు. పొద్దున్న ఉన్న బాణం మధ్యాహ్నానికి మాయమైంది. జాగ్రత్త కోసం ఓడ జాడ చెప్పే యంత్రాన్ని వాళ్ళే కట్టేస్తారని అతను ముందే చెప్పాడు. చెప్పినా, లేని బాణాన్ని చూస్తూ కూర్చోవడం కష్టం. ఆ సాయంత్రం మా హాల్లో ఎవరూ అధికరణాల మాట ఎత్తలేదు. టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు మాత్రం చూశాం. నాకు తెలిసిన చట్టమంతా ఆ గదిలోనే ఉంది. దానితో ఆవిడకు ఒక గ్లాసు మంచినీళ్ళు కూడా తాగించలేకపోయాను. మా ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అంతకంటే పనికొచ్చే పని ఆ రోజు ఎవరం చెయ్యలేదు.

మర్నాడు నేను పళ్ళు తోముకుంటుంటే కింద నుంచి కేక వినపడింది. భయపడి బ్రష్షు నోట్లో పెట్టుకునే మెట్లు దిగాను. ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "దాటేసినాం. కుక్కు సేపల పులుసు బాగా సేసినాడు" అని ఉంది.

"సూసినారా అన్నయ్యా! మళ్ళీ కుక్కే!" అంది. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు. నా నోట్లో నురగ ఉంది కాబట్టి నేనేమీ అనలేకపోయాను.

కొన్నాళ్ళకు ఇంకో పెద్ద దేశం మధ్యవర్తిత్వం చేస్తే యుద్ధం ఆగింది. అది చట్టబద్ధమో కాదో ఎవరూ తేల్చలేదు. రెండు దేశాలూ తామే గెలిచామన్నాయి. మా సెక్రటరీ డీజిలు డబ్బాలు ఎవరికి అమ్మాలో తెలియక తిరుగుతున్నాడు.

కాంట్రాక్టు అయిపోయాక కింది అంతస్తు ఆవిడ భర్త ఇంటికొచ్చాడు. వచ్చిన వారం తిరక్కుండానే నన్ను బండెక్కించుకుని పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్ళాడు. మనిషి ఫోన్‌లో కంటే పొట్టి, నవ్వు మాత్రం అంతే. బోట్ల నుంచి బుట్టలు దిగుతున్నాయి, కాకులూ మనుషులూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఆ గోలలో నిలబడి, ఆ రోజు ఏం జరిగిందని అడిగాను.

"ఏటీ జరగలేదు బావా. నాను బ్రిడ్జి మీద, అదే ఓడ నడిపే గదిలో, డ్యూటీలో ఉన్నాను, ఏటొత్తందో అని దూరం సూత్తా. దూరంగా యుద్ధనౌక ఒకటి, బూడిదరంగు. రేడియోలో పిలిచినాడు. మీ ఓడ పేరేటి, ఏ దేశం జెండా, ఏ సరుకు, ఎక్కడికెల్తన్నారు అని అడిగినాడు. మా కెప్టెన్ అన్నీ సెప్పినాడు. కాసేపు మాటల్లేవు. నాను ఆ బూడిదరంగు మీంచి సూపు తిప్పలేదు. అప్పుడాడు, థాంక్యూ కెప్టెన్, గుడ్ మార్నింగ్, జాగర్తగా ఎల్లిరండి అన్నాడు. మనింట్లో సుట్టం ఎల్తంటే సెప్పినట్టు సెప్పినాడు."

"మంచిదేగా."

"మంచిదే. కానీ అంత మర్యాదగా మాట్లాడేసరికి నాకు ఇంకా బయమేసింది బావా. తిట్టుంటే ఇంత బయం ఉండకపోను."

అలా అడగడం, అడిగి వదిలెయ్యడం, అదంతా చట్టంలో ఉన్నదేనని చెప్పాను. యుద్ధంలో ఉన్నవాడు సరుకు ఓడను ఆపి వివరాలు అడగొచ్చు, తప్పేమీ కనపడకపోతే పోనివ్వాలి. ఆ రేడియోలో మాట్లాడిన మనిషి కూడా ఎక్కడో నాలాంటివాడి క్లాసులో కూర్చుని ఉంటాడన్నాను. నా క్లాసులో నిద్రపోయిన లాయరమ్మాయి సంగతీ చెప్పాను.

అతను నా వైపు తిరిగి, "అయితే ఆడు నిద్రపోలేదన్నమాట" అని పగలబడి నవ్వాడు. మా పక్కన వంజరం చేపలు పెట్టుకుని అమ్ముతున్న ఆవిడ, బేరం చెయ్యకుండా నవ్వుకుంటూ నిలబడితే దారికి అడ్డమని మా ఇద్దర్నీ పక్కకు జరగమంది. జరిగాం. అతను ఒక పెద్ద వంజరం ఎత్తి మొప్పలు విప్పి చూసి, ఎర్రగా ఉన్నాయని నాకు చూపించాడు. ధర విన్నాక యాంకర్‌లా "అవునా, కాదా, ఒకటే మాట సెప్పు" అని ఆవిడతో బేరానికి దిగాడు. ఆవిడ ఒక్క పైసా తగ్గలేదు.